ఇంట్లో తుఫాను గది కావాలంటే గొయ్యి తవ్వొద్దు, లోపలి గదినే గట్టి చేయండి

చదివేవాళ్ళ కోసం ప్రశ్న మళ్ళీ ఒకసారి చెబుతాను. అడిగినాయన సూరత్‌లో పని చేస్తున్నారు. సొంతూరు గంజాం జిల్లా చికిటి బ్లాకులో, బాహుదా ఏటికి దగ్గర. సముద్రం మూడు కిలోమీటర్లు. ఊళ్ళో డెబ్బై దాటిన అమ్మానాన్నలు మాత్రమే ఉంటారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఇల్లు ఇటుక గోడలదే కానీ పైన సిమెంటు రేకులు. అమెరికాలో పెరట్లో ఇనప పెట్టెలాంటి గదిని భూమిలోకి దించి, తుఫాను వస్తే అందులోకి దిగి మూత వేసుకునే వీడియో ఒకటి చూశారట. "అలాంటిది మా పెరట్లో కట్టించవచ్చా, ఎంతవుతుంది?" అని అడుగుతున్నారు.

నేను బరంపురంలో 27 ఏళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్నాను. గోపాల్‌పూర్, ఛత్రపురం, చికిటి, ఇటు ఇచ్ఛాపురం దాకా పనులు చేశాను. ఫైలిన్ తుఫాను తర్వాత, తిత్లీ తుఫాను తర్వాత నేను కట్టినవి, వేరేవాళ్ళు కట్టినవి ఏవి నిలిచాయో ఏవి పడ్డాయో ఇల్లిల్లూ తిరిగి చూశాను. అందుకే తేల్చి చెప్పగలను.

భూమిలో గది వద్దే వద్దు. ఇంటి లోపలే, ఎత్తు బేస్‌మెంటు (నేలకు పైన లేపి కట్టే పీఠం, భూమిలో గది కాదు) మీద, నాలుగు మూలలా కాంక్రీటు స్తంభాలతో, పైన శ్లాబుతో ఒక చిన్న గది కట్టించండి. అది గాలి నుంచి కాపాడటానికే. ఉప్పెన వస్తుందని అధికారులు చెబితే ఆ గదిలో కూడా ఉండకూడదు, ఊరి సైక్లోన్ షెల్టర్‌కే వెళ్ళాలి.

వీడియోలో మీరు చూసింది టోర్నడో కోసం కట్టిన గది. టోర్నడో అంటే సుడిగాలి. హెచ్చరిక అందేది నిమిషాల ముందు, మీద నుంచి పోవడానికి పట్టేదీ నిమిషాలే. అమెరికా దేశం నడి భాగంలో సముద్రం వందల మైళ్ళ దూరం, అందుకే వాళ్ళు కిందికి దిగుతారు. అక్కడ కూడా వరద, ఉప్పెన ముప్పు ఉన్న చోట ఇలాంటి గదులు కట్టొద్దనే వాళ్ళ విపత్తు సంస్థ ఫీమా చెబుతుంది. సుడిగాలులు మన వైపు అసలు రావని కాదు. 2009 మార్చి 31న కేంద్రపడా జిల్లా రాజ్‌కనికలో వచ్చింది, జనం చనిపోయారు. కానీ మనం ఏటా అక్టోబరులో భయపడేది దానికి కాదు. మన తుఫాను నాలుగు రోజుల ముందే కబురు పంపి వస్తుంది, వచ్చాక ఒక పూట కూర్చుంటుంది, వెంట నీళ్ళు తెస్తుంది. ఆ నీళ్ళకు ఎదురెళ్ళి గొయ్యిలో దిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నీటి సంగతి వచ్చింది కాబట్టి నా తప్పొకటి చెబుతాను. గోపాల్‌పూర్ దగ్గర ఒక ఇంటికి భూమిలో నీళ్ళ సంపు పోశాను. ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల లోతు. గోడలు పోసి సెంట్రింగు విప్పాం, ఇంకా చుట్టూ మట్టి పూడ్చలేదు, నీళ్ళు నింపలేదు. రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున వెళ్ళి చూస్తే సంపు ఒక పక్క జానెడు ఎత్తు లేచి, నీటిలో పడవలా వాలి ఉంది. అన్ని టన్నుల కాంక్రీటు! తీరంలో వానాకాలం చివర నేలనీరు మూడు నాలుగు అడుగుల్లోనే తగులుతుంది, ఖాళీగా ఉన్న ఏ పెట్టెనైనా పైకి తోస్తుంది. లేవకుండా పట్టి ఉంచామే అనుకోండి, మూత సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి. పైన ఒక చెట్టు అడ్డంగా పడితే ఆ మూత తెరుచుకోదు. డెబ్బై ఏళ్ళవాళ్ళను అందులోకి నిచ్చెన దింపుతామా?

తుఫాన్లలో ఎక్కువమందిని చంపేది గాలి కాదు, నీరు. 1977 నవంబరు 19న దివిసీమలో అంతమంది పోయింది ఉప్పెనకే. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో ఒడిశా జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎరసమ వైపు జరిగిందీ అదే. దానికి పన్నెండు రోజుల ముందు, అదే నెల 17న, మన గంజాం మీదికి వేరే తుఫాను వచ్చింది, పెద్దదాని హడావిడిలో బయటివాళ్ళు దాన్ని మర్చిపోయారు కానీ బరంపురంవాళ్ళు మర్చిపోలేదు. 2013 అక్టోబరు 12 ఫైలిన్ నాటికి ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. అంత గాలి గోపాల్‌పూర్ దగ్గరే ఒడ్డెక్కినా ప్రాణనష్టం పదుల్లో ఆగిందంటే కారణం అది. ఇళ్ళు గట్టిపడి కాదు, మనుషులు ముందే కదిలారు.

కాబట్టి మొదటి పని ఇటుకలు కొనడం కాదు. మీరు ఈసారి ఊరెళ్ళినప్పుడు నాన్నగారిని, వీధిలో పెద్దవాళ్ళను అడిగి, బాహుదా ఎప్పుడు ఎంత ఎక్కిందో మీ ఇంటి గోడ మీదే గీత గీయించండి. "అరుగు దాకా వచ్చింది" అంటే ఏ అరుగో, అప్పుడది ఎంత ఎత్తో కూడా అడగండి, ఎందుకంటే రోడ్డు వేసినప్పుడల్లా ఊళ్ళో అరుగులు ఎత్తు మారుతుంటాయి. ఏటి ముఖం దగ్గర ఊళ్ళకు ఇంకో చిక్కుంది. సముద్రం ఎగదన్నితే ఏటి నీరు దిగడానికి దారి ఉండదు, కొండల మీద పడిన వాన ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చి కలుస్తుంది. అంటే గాలి ఆగాక నీళ్ళు పెరగవచ్చు.

కొండవైపు చదువరులకు, ముఖ్యంగా పర్లాకిమిడి, గజపతి జిల్లావాళ్ళకు ఒక్క మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు బరఘర దగ్గర వానకు తాళలేక గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. చుట్టూ రాయి ఉంది కదా, గట్టిగా ఉంటుంది కదా అనే అనుకున్నారు పాపం. మీ ఇంటి వెనక నిటారు కొండగట్టు ఉంటే ఈ గది కట్టినా ప్రయోజనం లేదు, దూరంగా మెట్ట చూసుకోవాలి.

ఇక గాలి. మన తీరానికి ఇళ్ళ లెక్కల్లో తీసుకునే గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు గోడ మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. మామూలు తలుపు చదరపు మీటరున్నర, రెండు మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి దాని మీద పావు టన్ను అటూఇటూ. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుందని కూడా గుర్తుంచుకోండి. టీవీలో 90 అన్నప్పుడు ఏమీ కాలేదని 180కి ధైర్యంగా కూర్చునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

అయితే కప్పును గాలి కిందికి తొక్కదు, పైకి పీకుతుంది. అంచుల దగ్గర, మూలల దగ్గర ఆ పీకుడు ఇంకా ఎక్కువ. సిమెంటు రేకు చదరపు మీటరుకు బరువు పదిహేను కిలోలు ఉంటే ఎక్కువ. దాన్ని పట్టి ఉంచేది సన్నటి జె హుక్కులు. ఐదంగుళాల శ్లాబు అదే చదరపు మీటరుకు 300 కిలోల పైన బరువుంటుంది, మామూలుగా తుఫాను గాలి దాన్ని లేపలేదు. గదికి శ్లాబు కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే, గొప్ప కోసం కాదు. రేకు ఎగిరితే పోయేది కప్పు ఒక్కటే అనుకోకండి. కప్పు పోయిన గోడకు పైన పట్టు ఉండదు, పొడవుగా ఉన్న గోడ లోపలికే కూలుతుంది.

ఫైలిన్ రాత్రి మా ఇంట్లోనే నాకు ఈ పాఠం అయింది. శ్లాబు ఇల్లే, నేనే కట్టుకున్నది, కాబట్టి నిశ్చింతగా ఉన్నాం. అందరం హాల్లో చాపలు వేసుకుని కూర్చున్నాం. తొమ్మిది దాటాక పైన మెట్ల గది తలుపు కొట్టుకోవడం మొదలైంది. ఆ తలుపుకు ఒకటే టవర్ బోల్టు, అదీ అల్యూమినియంది, అర అంగుళం స్క్రూలది. మేడ మీదికి ఎవరు వస్తారులే అని మిగిలిన సామాను బిగించేశాను. స్క్రూలు ఒక్కొక్కటే ఊడుతుంటే నేను, మా బావమరిది భుజాలు ఆనించి తలుపు పట్టుకున్నాం. గాలి ఒక్కసారి ఊపిరి తీసినట్టు వెనక్కి తగ్గి, మళ్ళీ కొట్టింది. తలుపు, దాంతోపాటు మేమిద్దరం నాలుగు మెట్లు కిందికి వచ్చిపడ్డాం. అక్కడి నుంచి మెట్ల మీద వాన నీళ్ళు కాలువలా దిగాయి, హాలు కిటికీల అద్దాలు లోపలి నుంచి బయటికి పగిలాయి. ఆడవాళ్ళను, పిల్లలను తీసుకుని మెట్ల కింద స్నానాల గదిలోకి దూరాం. ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. ఏడుగురం. ఒక్క బయటి గోడ లేదు, కిటికీ లేదు, పైన ఏటవాలు శ్లాబు. తెల్లవారేదాకా అందులోనే ఉన్నాం, ఎవరికీ గీత కూడా పడలేదు.

మీకు చెబుతున్న గది ఆ స్నానాల గదే, కాస్త బుద్ధి ఉపయోగించి కట్టినది.

ఎక్కడ కట్టాలి. కింది అంతస్తులో, వీలైనంత ఇంటి నడుమ. మీ ఇంటి ప్లాను చూడలేదు కాబట్టి మామూలు లెక్క చెబుతాను. మన వైపు తుఫాను ఆగ్నేయం నుంచి వాయవ్యానికి కదులుతూ వస్తే, నడుమ భాగం మీ ఊరి మీదుగా పోయేటప్పుడు మొదటి గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది, తర్వాత తిరుగుగాలి నైరుతి నుంచి కొడుతుంది. కాబట్టి "సముద్రం వైపు గోడ గట్టిగా ఉంటే చాలు" అనే మేస్త్రి మాట వినకండి, రెండు వైపులా దెబ్బ ఉంటుంది. గది పైన నీళ్ళ ట్యాంకు పెట్టకండి. వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే టన్ను బరువు. పక్కన కొబ్బరి చెట్టు ఉంటే చెట్టు ఎత్తంత దూరం చూసుకోండి. పడే చెట్టు శ్లాబును పగలగొట్టడం అరుదు, కానీ తలుపుకు అడ్డంగా పడితే లోపలివాళ్ళు బందీలే.

ఎంత గది. ఇద్దరే కదా అని నాలుగడుగులు కట్టకండి. అమ్మగారు నేల మీద కూర్చోలేరు, మంచమో కుర్చీయో పట్టాలి. ఇరుగుపొరుగు కూడా ఆ రాత్రి తలుపు తడతారు, కాదనగలరా? ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు వేసుకోండి. ఒక మూల కమోడు పెట్టించండి. దీన్ని అందరూ తేలిగ్గా తీసేస్తారు, కానీ తుఫాను రాత్రి ఆడవాళ్ళు బయటికి వెళ్ళేది దీని కోసమే. మిగిలిన 360 రోజులు అది అమ్మగారి స్నానాల గదిగానో, సామాను గదిగానో వాడుకోవచ్చు. వాడని గది తుఫాను నాటికి పాత సైకిళ్ళతో, ధాన్యం బస్తాలతో నిండి ఉంటుంది, ఇది నేను ఎన్ని ఇళ్ళలో చూశానో.

పాత గోడల మీద శ్లాబు వేయించకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. రేకుల కోసం కట్టిన గోడ, దాని పునాది శ్లాబు బరువుకు కట్టినవి కావు. ఖర్చు తగ్గుతుందని మేస్త్రి ఒప్పిస్తాడు, మీరు సూరత్‌లో ఉండి ఫోన్లో సరే అంటారు. వద్దు. ఇంటిలోపల ఒక గది రేకులు దించి, కొత్తగా నాలుగు పునాదులు తీసి, వాటి మీద స్తంభాలు లేపి, ఆ గది తన కాళ్ళ మీద తాను నిలబడేలా కట్టించండి. చుట్టూ ఉన్న రేకుల ఇల్లు కూలినా ఇది నిలబడాలి. నేల సంగతి, పునాది లోతు మాత్రం అక్కడికి వచ్చి చూసిన ఇంజినీరే చెప్పాలి, నేను ఇక్కడి నుంచి చెప్పేది కాదు.

బేస్‌మెంటు మట్టం మీరు గీయించిన నీటి గీతకు పైన కనీసం రెండడుగులు. మరీ ఎత్తయితే అమ్మగారికి మెట్లు కష్టం, అప్పుడు ఇంటిలోపలి నుంచే వాలు ర్యాంపు పెట్టించండి. నీటి గీత నడుము దాటి ఉంటే మాత్రం నిజం చెప్పాలి, ఆ స్థలంలో ఈ గది కట్టి లాభం లేదు, ఆ డబ్బుతో అమ్మానాన్నలను నాలుగు రోజులు బరంపురంలో ఉంచడమే నయం.

గోడ తొమ్మిదంగుళాలది, సిమెంటు ఇసుక పాళ్ళు ఒకటికి నాలుగు. నాలుగున్నర అంగుళాల గోడ అడ్డుగోడకు పనికొస్తుంది, దీనికి కాదు. ఎగిరి వచ్చే రేకు ముక్క గాని, తాటి మొద్దు గాని దాన్ని చీల్చుకుని వస్తుంది. మూల స్తంభాలకు 12 ఎంఎం కడ్డీలు పునాది నుంచి శ్లాబు దాకా తెగకుండా పోవాలి. బేస్‌మెంటు మట్టంలో ఒకటి, తలుపు పైన లింటెల్ మట్టంలో ఒకటి, గది చుట్టూ కాంక్రీటు పట్టీ తిరగాలి. ఆరంగుళాల మందం, నాలుగు 10 ఎంఎం కడ్డీలు, ఆరంగుళాలకొక రింగు. మనవాళ్ళు లింటెల్‌ను తలుపు మీద మాత్రమే వేసి ఆపేస్తారు. చుట్టూ తిప్పితేనే అది పీపాకు ఇనప పట్టీ వేసినట్టు గోడలను కలిపి పట్టుకుంటుంది. సన్‌షేడ్ అడుగున్నరకు మించనివ్వను, బయటికి పొడుచుకొచ్చినవన్నీ గాలికి పట్టు ఇచ్చేవే.

ఇసుక ఎక్కడిదో అడగండి. తీరం ఊళ్ళలో రాత్రికి రాత్రి సముద్రపు ఇసుక ట్రాక్టరు దింపేసి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. అందులో ఉప్పు కడ్డీని తినేస్తుంది, ఐదారేళ్ళకు శ్లాబు అడుగు పెచ్చులుగా రాలుతుంది. తుఫాను కోసం కట్టిన గది తుఫాను రాకుండానే పాడవుతుంది. ఉప్పుగాలి సూటిగా తగిలే కాంక్రీటుకు కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలన్నది కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 నియమం. మేస్త్రి కడ్డీ కింద చిన్న కంకర రాయి ఒకటి పెట్టి "అయిపోయింది సార్" అంటాడు. సరైన కవరు బిళ్ళలు ముందే పోయించి పెట్టుకోండి. క్యూరింగ్ (కొత్త కాంక్రీటును తడిగా ఉంచడం) మీ నాన్నగారికి అప్పగించండి, ఆ వయసువాళ్ళు రోజుకు మూడు పూటలా నీళ్ళు కొట్టినట్టు కాంట్రాక్టరు మనుషులు కొట్టరు.

తలుపు. ఎక్కువ గదులు ఓడిపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం సాగదీస్తాను. తలుపు బయటి గోడలో పెట్టకండి, ఇంటిలోపలి వైపు ఉన్న గోడలో పెట్టండి. అప్పుడు గాలి దానికి సూటిగా తగలదు. రెక్క గదిలోపలికి తెరుచుకోవాలి. బయటికి తెరుచుకునేదైతే గాలికి గుమ్మానికే ఆనుకుంటుంది, మంచిదే, నేనూ మొదట్లో అలాగే పెట్టేవాణ్ణి. కానీ తిత్లీ రాత్రి ఇచ్ఛాపురం అవతల నేను కట్టిన ఒక ఇంట్లో హాలు రేకులు, దూలం కూలి ఆ తలుపు ముందు పడ్డాయి. లోపల ముగ్గురు. తెల్లవారాక పక్కింటివాళ్ళు వచ్చి దూలం లాగేదాకా బయటికి రాలేకపోయారు. అప్పటి నుంచి లోపలికే పెడుతున్నాను. కాకపోతే గడియల మీద భారం పడుతుంది కాబట్టి మూడు ఇనప గడియలు, పైన, నడుమ, కింద. గడియ దిగే రంధ్రం ద్వారబంధానికి కాదు, కాంక్రీటులోకి పోవాలి. తలుపు మడతబందులు నాలుగు, స్క్రూలతో కాదు, ఆరపార బోల్టులతో. చెక్క అయితే అంగుళంన్నర టేకు, మీదుగా ఇనప రేకు తొడిగిస్తే ఇంకా మంచిది. గది ఎదురు గోడలో రెండడుగుల చదరపు ఇనప కిటికీ ఒకటి, గ్రిల్లు లోపలి నుంచి గడియ తీసి తెరిచేలా పెట్టండి, అది రెండో దారి.

గాలి ఆడటం. భయంతో గదిని డబ్బాలా మూసేస్తారు. నలుగురు కూర్చుంటే రెండు గంటల్లో ఉక్క, తలనొప్పి. ఒక గోడలో మోకాలి ఎత్తున, ఎదురు గోడలో తల పైన చిన్న వెంటిలేటర్లు పెట్టండి, బయట వాన కొట్టకుండా కాంక్రీటు మూత, లోపల సన్నటి జాలీ. జాలీ దోమల కోసం కాదు, నీళ్ళొచ్చినప్పుడు పొడి చోటు వెతుక్కునే పాముల కోసం. లోపల కుంపటి, కిరసనాయిలు స్టవ్వు, జనరేటర్ వెలిగించకూడదు. వరండాలో జనరేటర్ పెట్టి తలుపు సందున వైరు లాగినా ఆ పొగలోని విషవాయువు (కార్బన్ మోనాక్సైడ్) గదిలోకి చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు. ఛార్జింగ్ టార్చిలు చాలు.

కిటికీలు తెరిచి పెడితే గాలి ఇటు నుంచి అటు పోయి ఇల్లు నిలుస్తుందని మన ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. తప్పు. గాలి ఎదురు వైపు కిటికీలోంచి లోపలికి దూరితే కప్పును లోపలి నుంచి పైకి తోస్తుంది, పైన పీకుడు ఎలాగూ ఉంది, రెండూ కలిసి రేకు లేపేస్తాయి. మా మెట్ల గది తలుపు పోయాక హాలు అద్దాలు బయటికి పగిలింది కూడా ఈ లోపలి తోపుకే. అన్నీ మూసేయండి.

ఖర్చు అడిగారు. ఇప్పటి రేట్లలో ఇలాంటి ఎనభై చదరపు అడుగుల గదికి, తలుపు, కమోడుతో కలిపి రెండు, రెండున్నర లక్షలు పెట్టుకోండి. మీ ఊరికి కంకర, ఇసుక ఎంత దూరం నుంచి వస్తాయన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. వీడియోలోలాంటి ఇనప పెట్టె చేయించడానికి ఇంతకన్నా ఎక్కువే అవుతుంది, అదీ తుప్పు పట్టడానికి.

మిగిలిన ఇంటి రేకుల సంగతి క్లుప్తంగా. అంచు వరసల్లో హుక్కులు రెట్టింపు చేయించండి, తుప్పు పట్టినవి మార్పించండి, పర్లిన్లను (రేకులను మోసే అడ్డకమ్మీలను) గోడకు ఇనప పట్టీలతో కట్టించండి. అయినా పెద్ద తుఫానుకు కొన్ని పోతాయి. పోనివ్వండి. మనుషులు గదిలో ఉంటారు కదా.

గదిలో ఉంచేవి పెద్ద జాబితా ఏమీ కాదు. మూతలున్న క్యాన్లలో తాగే నీళ్ళు, మనిషికి రోజుకు మూడు లీటర్ల లెక్కన కనీసం నాలుగు రోజులకు. ఫైలిన్ తర్వాత కరెంటు లేక మోటార్లు ఆడక బరంపురంలోనే నీళ్ళకు అవస్థ పడ్డాం, మీ ఊళ్ళో చెప్పాలా. అటుకులు, బెల్లం. ఒడియావాళ్ళ చుడా గుడా (ఈ అటుకులు, బెల్లమే) సహాయ శిబిరాల్లో ఊరికే పంచరు, వంట లేకుండా కడుపు నింపేది అదే. అమ్మానాన్నల మందులు రెండు వారాలకు, కాగితాలు ప్లాస్టిక్ సంచిలో, బ్యాటరీ రేడియో. ఒక గునపం, ఒక గొడ్డలి తప్పకుండా లోపల, బయట పెరట్లో కాదు. తుఫాను వస్తుందనగానే మేడ మీదో స్టాండు మీదో ఉన్న ప్లాస్టిక్ ట్యాంకును నిండుగా నింపించండి, ఖాళీదైతే ఎగిరి ఎవరి ఇంటి మీదో పడుతుంది.

నాన్నగారికి ఒక విషయం ముందే నచ్చజెప్పండి. నడిరాత్రి గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందని బయటికి రాకూడదు. అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి తిరుగుగాలి అంతే బలంగా వస్తుంది. మా పాత మేస్త్రి ఒకాయన అలాంటి సందులో పశువుల శాల చూసొస్తానని వెళ్ళి, వెనక్కి రాలేక తెల్లవారేదాకా గుడి మంటపం స్తంభం వాటేసుకుని నిలబడ్డాడు. ఆవులు క్షేమం, ఆయనకే నెల రోజులు చెవి వినపడలేదు. పంచాయతీ మైకులోనో రేడియోలోనో తుఫాను దాటిపోయిందని చెప్పేదాకా గడియ తీయకూడదు.

షెల్టర్‌కు వెళ్ళాల్సి వస్తే ఎలా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. వాతావరణ శాఖ 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు ఇంకోటి ఇస్తుంది. అమ్మగారి మోకాళ్ళకు రెండోదాని దాకా ఆగొద్దు. ఊళ్ళో ఆటో ఉన్నవాళ్ళతో ఇప్పుడే మాట్లాడి, నెంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, పగటి వెలుగుండగానే వెళ్ళిపోవాలి. ఇల్లు వదిలి రామని పెద్దవాళ్ళు పట్టుబడతారు, అందరి ఇళ్ళలో ఉన్నదే. గట్టి గది కట్టాక ఆ పట్టు ఇంకా పెరుగుతుంది, "లక్షలు పోసి కట్టావు కదరా" అంటారు. గది కట్టే ముందే ఈ మాట తేల్చుకోమంటున్నది అందుకే.

ఊరి ఇంజినీరుతో ప్లాను గీయించాక ఇక్కడ పెట్టండి, కడ్డీల లెక్క చూసి చెబుతాను. తలుపు బిగించిన రోజు మాత్రం మీరు అక్కడ ఉండండి. మూడు గడియలూ మీరు కాదు, అమ్మగారి చేత వేయించి, తీయించి చూడండి. పైగడియ ఆమె చేతికి అందకపోయినా, కింద గడియకు వంగలేకపోయినా అప్పటికప్పుడే మేస్త్రి చేత మార్పించండి. ఆ రాత్రి మీరు సూరత్‌లో ఉంటారు, నాన్నగారికి ఒంట్లో బాగోలేకపోతే ఆ తలుపు వేయాల్సింది ఆమే.